మూడో కేసింగ్ పైపు

గోవిందుకు కనుబొమ్మలు లేవు. పొలంలో అడుగు పెట్టగానే అజ్మల్ కంట పడింది అదే.

"బీడీ ముట్టించినానప్పా, అంతే." కాలిన చోట వేలితో రాసుకుంటూ చెప్పాడు గోవిందు. "బోరు లోపల కస్సుమని సద్దు వస్తా ఉండాదే, నీళ్లు ఎంత లోతుకు దిగినాయో విందామని వంగినా. అగ్గిపుల్ల గీసినానో లేదో భగ్గుమనె! మొగం మీద ఎవురో వేడి దుప్పటి కప్పినట్లయింది."

గోవిందు ఆ చుట్టుపక్కల ఊళ్లకు టెంకాయతో నీళ్లు చూసే మనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుంది. ఈ బోరుకు పాయింటు పెట్టింది ఆయనే. అందుకని మంట ఖ్యాతిలో కూడా తనకింత వాటా రావాలని ఆయన ఆశ.

"నీళ్లు సూపించమంటే నిప్పు సూపించినావు. నీ టెంకాయకు దండం పెట్టల్ల" అంది ఉమ్మే సల్మా.

సల్మా అజ్మల్‌కు అక్క, ఆపా అని పిలుస్తాడు. ఆరేళ్ల కిందట భర్త ఆఫ్తాబ్ పోయాడు. మరుసటి ఏడు జరిగిన భాగాల్లో కాణిపాకం దగ్గరున్న ఈ రెండెకరాలు ఆమెకు వచ్చాయి. అంతవరకూ చిత్తూరు టౌన్లో పుట్టి పెరిగి, అక్కడే కాపురం చేసిన మనిషి. పొలం ముఖం ఎరగదు. ఈ ఐదేళ్లలో దుక్కి దున్నించడం, టమాటా నారు పోయించడం, కూలీలతో వాదులాడటం అన్నీ నేర్చుకుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, పొలం సంగతులన్నీ ఆమె నోట తెలుగులోనే వస్తాయి.

ఆ రెండెకరాలూ ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు చెయ్యి మారబోతున్నాయి.

"నిన్ను పిలిపించింది అందుకేరా. నీ పని బొగ్గు గ్యాసు. ఇది అదేనా కాదా, ఒక్క మాట చెప్పు. అదైతే ఈ పొలం మనకు నిలవదంటా ఉండారు. నీ మాట మీద సంతకం పెడతా, నీ మాట మీద ఆపుతా."

అజ్మల్ పదకొండేళ్లుగా జార్ఖండ్‌లో బొగ్గు పొరల్లోంచి మీథేన్ తీసే బావుల దగ్గర డ్రిల్లర్. రెండు రాత్రులు రైల్లో కూర్చుని, తెల్లవారి కాట్పాడిలో దిగి, బస్సు పట్టుకుని నేరుగా ఇక్కడికే వచ్చాడు. ఒక్క మాటే కదా, చూసి చెప్పేద్దామనుకున్నాడు.

అందర్నీ ఇరవై అడుగులు వెనక్కి జరిపాడు. పొడుగాటి వెదురు కర్రకు గుడ్డ చుట్టి, ముట్టించి, గాలికి ఎదురు లేకుండా పక్కగా నిలబడి బోరు మూతి దగ్గర పెట్టాడు.

భుస్సుమని లేచింది. అడుగెత్తు మంట. అంచున పసుపు, లోపల నీలం.

ఆ నీలం అజ్మల్‌కు బాగా తెలుసు. పదకొండేళ్లు దాన్ని చూస్తూనే అన్నం తిన్నాడు. ఒళ్లు ఝల్లుమంది. ఆ వెంటనే అనుమానం పట్టుకుంది. ఎందుకంటే ఇక్కడ ఆ మంట రాకూడదు. చిత్తూరు జిల్లా నేల కింద ఉన్నది గట్టి నల్లరాయి. భూమ్మీద మొదటి చెట్టు మొలవక ముందే పుట్టిన రాయి. చెట్లు పూడితేగదా బొగ్గు! బొగ్గుంటేగదా గ్యాసు!

తడి గోనెసంచి కప్పి మంట ఆర్పాడు.

"ఏమబ్బా, అదేనా?" అన్నాడు ధనశేఖర్.

ధనశేఖర్ భూముల బ్రోకరు. తెల్ల చొక్కా, తెల్ల కారు, చేతిలో ఫైలు. పొలం కొంటున్నది ఆయనే.

"మంట అదే. నేలే అది కాదు" అన్నాడు అజ్మల్.

"అట్లంటే?"

"ఈడ బొగ్గు ఉండే దానికి లేదన్నా."

ధనశేఖర్ నవ్వాడు. "నైవేలి యాడుండాది? మద్రాసు దాటి నాలుగు గంటలు. ఆడ నేలబొగ్గు తవ్వుతా ఉండారే, దాని తోక ఇటు రాకూడదని యాడన్నా రాసిపెట్టినారా? గోవిందూ, అది సూపించు."

గోవిందు రుమాలు ముడి విప్పాడు. బోరు వేసిన రోజు దుమ్ముతో పాటు పైకి వచ్చిన నల్ల గడ్డ, అరచేతిలో సగం. అజ్మల్ దాన్ని ఎత్తి చూశాడు. తేలిక. ఓ అంచు విరిచి అగ్గిపెట్టాడు. పొగ కక్కుతూ కాలింది. లోపల సన్నని నారపోగులు. రాతిబొగ్గులో నార ఉండదు, నిజమే. కానీ నేలబొగ్గులో, అంటే ఇంకా రాయిగా గట్టిపడని లిగ్నైటులో, పాత చెక్క పోగులు కళ్లకు కనిపిస్తాయి. అయితే ఇది నేలబొగ్గా? నల్లరాతి నడుమ?

గడ్డను జేబులో వేసుకున్నాడు. ఆ ఒక్క మాట చెప్పే ముందు ఇంకా చూడాలనుకున్నాడు.

"అసలు బొగ్గు గ్యాసంటే ఏందిరా?" సల్మా అతన్ని పక్కకు తీసుకుపోయి అడిగింది.

"గోలీ సోడా తెలుసు కదా ఆపా. గోలీ బిగించి ఉన్నంతసేపు గ్యాసు కనపడదు. గోలీ నొక్కితే బుస్సుమంటాది. నేల కింద బొగ్గుకు గ్యాసు అతుక్కోని ఉంటాది. పైన నిలిచిన నీళ్లే గోలీ. ఆ నీళ్లు తోడేస్తే గ్యాసు ఇడిసిపెడతాది. బొగ్గు తవ్వే పని లే. మనిషి గనిలోకి దిగే పని లే."

"మంచిదే కదా అయితే."

"మంచిదే. దేశంలో మనం కాల్చే గ్యాసు సగం దాకా ఓడల్లో వస్తా ఉండాది. మన బొగ్గులోది మనం తీసుకుంటే ఆ ఓడలు తగ్గుతాయి. దానికేగా పదకొండేండ్లు ఆడ దుమ్ము తిన్నా."

"తోడిన నీళ్లు?"

అజ్మల్ తడబడ్డాడు. మొదట్నుంచీ అక్క ప్రశ్నలు అంతే, సూటిగా మెత్తటి చోటే గుచ్చుతాయి. నెలల తరబడి తోడిన ఉప్పునీళ్లు ఎక్కడ వదలాలో తెలియక కంపెనీ పడ్డ తంటాలు అతను చూశాడు. కాగితం మీద రాసిన గ్యాసులో సగం కూడా ఇవ్వని బావులనూ చూశాడు. అయినా ఎక్కడో ఒకచోట ఉంటుంది, తగులుతుంది అన్న ఆశే అతన్ని అన్నేళ్లు ఆ రిగ్గు మీద నిలబెట్టింది. ఆ ఒకచోటు అక్క పొలమే అయితే?

"నీ బోరులో నీళ్లు ఎట్లుండినాయి?" అని మాట మార్చాడు.

"రెండు నెలల కిందట వేసినాం. రెండించుల నీళ్లు. ఇరవై దినాలు బాగా పోసింది. ఆ పైన మోటరు దగ్గడం మొదలుపెట్టింది. నీళ్లు తగ్గేకొద్దీ కస్సుబుస్సు ఎక్కువయింది."

ముందు నీళ్లు, తర్వాత గ్యాసు. పుస్తకంలో రాసినట్టే ఉంది. అజ్మల్ తల పట్టుకున్నాడు.

అతనికి కొరుకుడు పడనిది ఇంకొకటి ఉంది. వాసన. బొగ్గు గ్యాసుకు వాసన ఉండదు. బోరు దగ్గర మాత్రం పుల్లగా, మురిగినట్టు ఏదో వాసన. కానీ ఇది తోతాపురి సీజను. రోడ్డు పొడుగునా పల్ప్ ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గాలి ఎటు వీచినా జిల్లా అంతా అదే వాసన. దీన్ని పట్టుకుని ఏం తేల్చాలి?

చింతచెట్టు కింద గొడుగు పట్టుకుని కూర్చున్న మస్తాన్ వలి లేచి దగ్గరికి వచ్చాడు. ఆయన ఆఫ్తాబ్‌కు అన్న. అరవై దాటిన మనిషి. చిత్తూరులో పరుపుల అంగడి ఉంది.

"సంతకం పెట్టెయ్యమ్మా. మండే నేలతో మనకేం పని? పిల్లోళ్లు తిరిగే చోటు" అన్నాడు మెల్లగా.

"అదే నేనూ చెప్పేది," ధనశేఖర్ అందుకున్నాడు. "కింద ఏముంటే అది గవర్నమెంటుదిమా. రేపు జెండాలు పాతినారంటే నువ్వు ఫైలు పట్టుకోని ఆఫీసుల చుట్టూ తిరగల్ల. తిరిగేది నాకు అలవాటు. కాదా అజ్మలూ? నేనేమన్నా అబద్ధం చెబుతా ఉండానా?"

కాదు. అదీ నిజమే. కింద ఉన్నది ప్రభుత్వానిదే. అజ్మల్ ఆ మాట ఒప్పుకోక తప్పలేదు. అతను ఒప్పుకోగానే సల్మా ముఖం చిన్నదయింది. మడిలో ఎండిపోయిన టమాటా మొక్కల వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుంది.

"పన్నెండవుతా ఉండాది. రెండుకు బయలుదేరాల. నువ్వు ఏదో ఒకటి తేల్చురా" అంది.

అజ్మల్ ఇంకోసారి మొదటికొచ్చాడు. రిగ్గు మీద మొదటి రోజు మేస్త్రీ నేర్పిన పాఠం గుర్తొచ్చింది: నేల గురించి మనుషుల్ని అడగొద్దు, పైపుల్ని అడుగు. బోరు వేసిన లారీ ఏజెంటు నంబరు సల్మా దగ్గర తీసుకున్నాడు. పేరు జయరావు, ఊరు పుత్తూరు.

"కేసింగ్ ఎన్నడుగులు దింపినావన్నా?" అని ఫోన్లో అడిగాడు. బోరు పైభాగంలో మన్ను కూలకుండా దింపే పైపే కేసింగ్. గట్టి రాయి తగలగానే ఆపేస్తారు.

"అది ఎట్లా మరిసిపోతానప్పా! అరవై. ఇరవై అడుగుల పైపులు మూడు దింపినా. మీ జిల్లాలో నేను మూడో పైపు దింపింది ఆ ఒక్క బోరుకే. ఒకటే మెత్తన. నల్లగా బురద. మా డ్రైవరు 'ఎన్న సార్, సాక్కడైయా?' అని అరవంలో అడిగినాడు, మురిక్కాలవా ఇది అని. ఏం, కేసింగ్ ఇరిగిందా? ఎముకలకు మా ఊర్లో కట్టే పుత్తూరు కట్టు కట్టిద్దామా?"

అజ్మల్‌కు నవ్వు రాలేదు. అరవై అడుగుల మెత్తదనం. నేలబొగ్గు ఉండే చోట్ల అలాగే ఉంటుంది, వదులు మన్ను, బురద. ఉందా? నిజంగానే ఉందా?

గట్టు అవతలి పొలం శాంతయ్యది. ఆయన బోరు సల్మా బోరుకు నలభై అడుగుల దూరం. అజ్మల్ గట్టు దూకాడు.

"నీ కేసింగ్ ఎంత పెద్దాయనా?"

"పైపులో రొండడుగులు మిగిల్నాయి. ఆ ముక్కే గొడ్ల తొట్టికి బిగించినా, సూడు. పద్దెనిమిదికే రాయి."

అజ్మల్ అక్కడే నిలబడిపోయాడు. ఇక్కడ పద్దెనిమిది. నలభై అడుగుల అవతల అరవై. ఏ బొగ్గు పొరా నలభై అడుగుల్లో పుట్టి నలభై అడుగుల్లో చావదు. మైళ్లకు మైళ్లు పరుచుకుంటుంది. అంటే ఇది పొర కాదు. మరి ఏంటి? వెనక్కి వచ్చి బోరు చుట్టూ నడిచాడు. మిగతా పొలమంతా ఎండకు ఎర్రగా మాడిపోయి ఉంటే, బోరు చుట్టూ మాత్రం గరిక పచ్చగా ఉంది. కాలి కింద నేల కాస్త కుంగినట్టు కూడా ఉంది. గోవిందు టెంకాయ ఎందుకు లేచిందో ఇప్పుడు కొంచెం అర్థమయింది. ఆ పచ్చన ఎందుకుందో మాత్రం అర్థం కాలేదు.

"రెండయింది!" రోడ్డు మీంచి కేకేసి హారన్ కొట్టాడు ధనశేఖర్.

కారులో ముందు ధనశేఖర్, మస్తాన్ వలి. వెనక అక్కా తమ్ముడు. దారిలో ఒక ఫ్యాక్టరీ గేటులోంచి ట్రాక్టరు అడ్డంగా వచ్చింది. ట్రాలీ నిండా మామిడి తొక్కలు, టెంకలు. వెనకాల ఈగల మేఘం. కారు ఆగింది. పుల్లటి మురుగు వాసన లోపలికి కొట్టింది.

అజ్మల్ ముక్కు పుటాలు అదిరాయి. బోరు దగ్గర వాసన ఇదే. ఇలాంటిదే అనడానికి లేదు, ఇదే.

"ఈ తొక్కంతా యాడ పోస్తారు?"

"యాడ జాగా దొరికితే ఆడ" అన్నాడు ధనశేఖర్.

మస్తాన్ వలి కిటికీ అద్దం పైకి ఎత్తాడు.

అజ్మల్ జేబులోంచి గడ్డ తీశాడు. నీళ్ల సీసా కోసి అందులో పడేశాడు. "నీ కాగితాలు ఒకసారి ఇయ్యి ఆపా" అన్నాడు. ప్లాస్టిక్ కవరులో రెండు దస్తావేజులున్నాయి. ఒకటి ఐదేళ్ల కిందటి భాగపరిష్కార పత్రం. రెండోది ఇవాళ సంతకం పెట్టాల్సిన అమ్మకం కాగితం. హద్దులు చదివాడు. తూర్పున శాంతయ్య పొలం. పడమర బండ్ల బాట. ఉత్తరాన మస్తాన్ వలి భాగం. పాత దాంట్లో విస్తీర్ణం తర్వాత మూడు మాటలు ఉన్నాయి: రాతికట్టు బావితో సహా.

కొత్త దాంట్లో ఆ మూడు మాటలూ లేవు.

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసే ఆయన వసారాలో బెంచీల మీద కూర్చున్నారు. ఇంకో పావుగంటలో పిలుపు. అజ్మల్ సీసాలోంచి నానిన గడ్డ తీసి, పోగుల వెంబడి గోరు దూర్చి రెండుగా చీల్చాడు. లోపల కాగితం లాంటి పలచని పొర, దాని నడుమ వంకీ తిరిగిన నల్లటి జీడి. పోగులన్నీ ఒక్క వైపుకే దువ్వినట్టున్నాయి.

చిత్తూరు జిల్లాలో పుట్టినవాడెవడూ దాన్ని గుర్తుపట్టకుండా ఉండలేడు. పదకొండేళ్లు బొగ్గు చూసిన కళ్లు మాత్రం ఉదయం నుంచీ దాంట్లో బొగ్గే చూశాయి.

"మస్తాన్ భాయ్," అన్నాడు. "బావి యాడ?"

"ఏ బావి?"

"ఈ కాగితంలో ఉండే బావి. ఆ కాగితంలో లేని బావి."

మస్తాన్ వలి గొడుగు మడిచి మోకాళ్ల మధ్య నిలబెట్టాడు. సల్మా ఒకసారి బావగారి వంక, ఒకసారి తమ్ముడి చేతిలోని మామిడి టెంక వంక చూసింది.

"నా పొలంలో బావి యాడుండాది? నేనెప్పుడూ సూడలేదే."

"సూసే నాటికి పూడిపోయిందిమా." ముసలాయన గొడుగు పిడి తిప్పుతూ చెప్పాడు. "నాలుగేండ్లు చుక్క నీళ్లు లే దాంట్లో. ఒక ఆవు పడి సచ్చింది. ఆఫ్తాబ్ పోయిన యేడు ఫ్యాక్టరీ ట్రాక్టర్లోళ్లు వచ్చి, తొక్కా టెంకా వేసుకుంటాం, పైన మట్టి మేమే కొడతాం అన్నారు. సరే అన్నా. మంచిదే కదా అనుకున్నా. తర్వాత భాగాలప్పుడు రాసే ఆయన మా నాయన కాలం కాగితం సూసి బావిని ఎక్కించేసినాడు. సదివినప్పుడు నాకు తెలిసింది. చెబుదామనుకున్నా."

"అనుకున్నావు" అంది సల్మా.

దస్తావేజులు రాసే ఆయన కలం ఆపి తలెత్తాడు. బావి అంటే ఏంటో ఆ జిల్లాలో వ్యవసాయం చేసే ఎవరికైనా తెలుస్తుంది. భాగాల్లో బావి వచ్చినవాళ్లకు నేల తగ్గిస్తారు.

"బావి నాకొచ్చిందని అర ఎకరం తగ్గించినారు. నీకు మూడు, నాకు రెండు. బావి ఎండిపోయింటాదిలే, గడ్డిలో యాడో ఉంటాదిలే అనుకోని నేనూ అడగలే. అడిగేదానికి నాకేం తెలుసు? నేను పొలం మొగం సూసిందే అప్పుడు."

"మంట సూసినప్పుడు నాకూ తెలీలేదుమా, అల్లా మీద ఆన. టెంకలకు మంట వస్తాదని ఎవురికి తెలుసు? నిజంగా బొగ్గే అనుకున్నా. బొగ్గయితే ఆ తవ్వకాల్లో ఆ బావి సంగతీ కలిసిపోతాదనుకున్నా. అందుకే ఈ కాగితంలో బావి మాట రాయనీలే."

ధనశేఖర్ ఫైలు మూశాడు, తెరిచాడు. "ఒక్క నిమిషం. అంటే బొగ్గు లేదా?"

"లే."

"గ్యాసు?"

"ఉండాది. బొగ్గులో వచ్చేదీ, కుళ్లిన తొక్కలో వచ్చేదీ మండే వరకు ఒకటే గ్యాసన్నా. గాలి తగలకుండా అరవై అడుగుల గుంతలో అన్ని టెంకలు మూతపెడితే అది పుట్టకేం చేస్తాది? పూడ్సినాంక వానలకు దాంట్లో నిలిచిన నీళ్లు అణిచిపెట్టినాయి. ఆపా మోటరేసి తోడింది. గోలీ నొక్కినట్లయింది."

"ఎన్ని దినాలొస్తాది?"

"తెలీదు. నెలో, ఆరు నెలలో."

ధనశేఖర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మన మండలంలో ఇట్ల పూడ్సిన బావులు ఎన్నుంటాయంటావు?"

అందరూ ఆయన్ను కోపంగా చూశారు. అజ్మల్ మాత్రం తిట్టబోయి ఆగాడు. పొద్దున్నుంచి ఎవరైనా అడిగిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న అదేనేమో అనిపించింది. పదకొండేళ్లు వెయ్యి మైళ్ల అవతల, వెయ్యి మీటర్ల లోతున వెతికాడు. ఇక్కడ ఏటేటా లారీల కొద్దీ తొక్క ఈగల పాలవుతోంది. సంతోషించాలో, సిగ్గుపడాలో అతనికి తెలియలేదు.

"ఉమ్మే సల్మా ఎవరమ్మా?" లోపలి నుంచి పిలుపు వచ్చింది.

సల్మా లేచింది. కొత్త కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ధనశేఖర్ చేతిలో పెట్టింది. పాతదాన్ని కవరులో దోపుకుంది.

"ఈ పొద్దు సంతకం లేదని చెప్పురా" అంది తమ్ముడితో. తర్వాత మస్తాన్ వలి వైపు తిరిగింది. "బావి తవ్వి ఇస్తావా, అర ఎకరం ఇస్తావా?"

"తవ్వేదానికి లేదు ఆపా. దాంట్లోకి దిగినోడు పైకి రాడు" అన్నాడు అజ్మల్ గబగబా.

"అయితే ఇంగొకటే ఉండాది."

ముసలాయన గొడుగు పొన్నుతో నేల మీద ఒక గీత గీశాడు. "పదమ్మా. ఎండ ఉండంగానే కొలుస్తాం" అన్నాడు.

ఐదింటికి పొలంలో మస్తాన్ వలి తన చేత్తోనే హద్దు రాళ్లు మోశాడు. శాంతయ్య తాడు పట్టాడు. అజ్మల్ బోరు మూతికి పొడుగాటి పైపు నిలువుగా బిగించి గ్యాసును పైగాలిలోకి వదిలాడు. చుట్టూ ముళ్లకంప వేశాడు. పని చేస్తున్నంతసేపూ జేబులో చీలిన టెంక తొడకు గుచ్చుకుంటూనే ఉంది. పారెయ్యడానికి రెండుసార్లు చెయ్యి పెట్టి, రెండుసార్లూ తీసేశాడు.

"నిజంగా బొగ్గయ్యుంటే ఏం చేసిందువురా?" అడిగింది సల్మా.

"అదే తెలీడం లేదు ఆపా. కాకూడదని ఇంత తిప్పలు పడినానా? అయ్యుంటే బాగుండునని ఇప్పుడూ ఒక పక్క పీకతా ఉండాది."

చివరి రాయి పడింది. సల్మా దాని పక్కన నిలబడి, కొత్తగా తనదైన అర ఎకరాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు చూసింది. అప్పటికే గోవిందు అరచేతిలో కొత్త టెంకాయతో అందులో దిగిపోయాడు.

"రేయ్ గోవిందూ, ముందు ఈ నేలలో ఏమేం పూడ్సినారో మా బావను అడుగు. ఆ తర్వాత నడువు" అని కేకేసింది. "బీడీలు ఆ గట్టు మీద పెట్టి పో!"